పొయ్యికి ముందు పిడికెడు

తొమ్మిదో రోజు

ఈ నోటుపుస్తకం నా భార్య యునీకేది. సగం వరకు ఆమె రాసింది. మేముండే ఈ తెప్పల మీద కాగితం దొరకదు కాబట్టి మిగిలిన సగంలో నేను రాస్తున్నాను. రోజులు ఆమె పోయిన దగ్గర్నుంచి లెక్క.

ఆమె రాసినవి ప్రార్థన మనవులు. రోజుకో పేజీ. ఎడమవైపు పేరు, కుడివైపు అవసరం. దోర్కమ్మ, మోకాళ్లు. విక్టర్, కోపం. అయ్యగారు, నిద్ర. వలల కొట్టులో వాళ్లు, బియ్యం. ప్రతి పేజీలోనూ చివరి పేరు నాది. దాని పక్కన మాత్రం ఏమీ రాయలేదు.

పొద్దున ఉప్పు తీసే జల్లెడలు మూడు మార్చాను. ఆరో తెప్పకూ ఏడో తెప్పకూ మధ్య గొలుసు ఒరుసుకుంటోంది, గ్రీజు పెట్టాను. ఇంటికొచ్చి గింజగొట్టం కింద గిన్నె పెట్టాను.

"ఫిలేమోను గారు, నూట నలభై గ్రాములు. యునీకే గారు, నూట నలభై గ్రాములు."

బియ్యం పడ్డాయి. బియ్యం పంచే యంత్రాన్ని ఇక్కడ పంపకం అంటారు. ఈ తెప్పల మీద దాన్ని చూసుకునేది నేనే. ఎవరైనా చనిపోతే అందులో నమోదు చేసేదీ నేనే. నలభై రోజుల గడువుంటుంది. ఆమె ముంజేతి పట్టీ ఇంకా సొరుగులోనే ఉంది.

రెండు వాటాలూ వండాను. ఒకటి తిన్నాను. రెండోదాంట్లో నీళ్లు పోశాను, రేపటికి.

సాయంత్రం దోర్కత్త వచ్చింది. యునీకేకు పిన్ని, అందరికీ దోర్కమ్మ. డెబ్భై దాటింది, ఒంటరి మనిషి. గుమ్మంలోనే నిలబడింది.

"మా గొట్టానికేదో రోగమొచ్చింది అల్లుడూ. నిన్నటిదాకా నూట నలభై వేసేది. ఇయ్యాల నూట ఐదు అంటంది."

"రేపు చూస్తానత్తా."

"చూడు. నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

"మొహం చూస్తే తిన్నట్టు లేదు. నిన్నే ఏదో తిన్నట్టుంది."

పదో రోజు

గొట్టానికి రోగం లేదు. అది చెప్పినట్టే చేస్తోంది.

రెండో రోజున ఒడ్డు మీది కార్యాలయం నుంచి పంపకానికి అప్‌డేట్ వచ్చింది. యునీకేను నీళ్లలో దించి వచ్చిన మర్నాడు. తెర మీద పద్దెనిమిది పేజీలు. నేను చదవలేదు. అడుగున 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కాను.

ఇవాళ చదివాను. పన్నెండో పేజీలో ఉంది. గొట్టం వేసిన బియ్యానికీ పొయ్యి తూచిన బియ్యానికీ తేడా వస్తే, ఆ తేడా ఆ ఇంటికి అవసరం లేనిదని అర్థం. వచ్చే వారం నుంచి అంత తగ్గించాలి.

తేడా అంటే ఏమిటో నాకు తెలుసు. ముప్పై ఐదు గ్రాములు. ఒక ఆడమనిషి పిడికిలి.

మా సంఘంలో కుండ పొయ్యెక్కే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. పూటకో పిడికెడు. రోజూ సాయంత్రం ప్రార్థనకు డబ్బాలన్నీ మందిరానికి వెళతాయి. మా ముత్తవ్వలు నేల మీద ఉన్నప్పుడు కూలి బియ్యంలోంచి తీసేవారట, ఆ బియ్యంతోనే మందిరం గోడలు లేపారట. ఆ మందిరం ఇప్పుడు నీళ్ల కింద ఉంది. పిడికెడు ఉంది.

ఇప్పుడది వలల కొట్టుకు వెళుతుంది. అక్కడ తొమ్మిదిమంది ఉన్నారు. తుఫానుకు దివిసీమ వైపు మిగిలిన చివరి దిబ్బ మునిగాక రెండు పడవల్లో వచ్చారు. వాళ్లు మా సంఘం వాళ్లు కారు. వాళ్లకు ముంజేతి పట్టీలు లేవు. పట్టీ లేని మనిషికి గొట్టం వెయ్యదు. పేర్లు ఎక్కిస్తే పెద్ద పడవ వచ్చి కొండల్లోని శిబిరానికి తీసుకుపోతుంది. ఇదివరకు అలా పోయినవాళ్ల నుంచి ఒక్క కబురూ రాలేదు. ఇరవై రెండు ఇళ్ల పిడికెళ్లు, తొమ్మిదిమంది. ఎలాగో సరిపోయేది.

మా ఇంటి నుంచి పదిరోజులుగా వెళ్లలేదు. నేను తియ్యలేదు. తియ్యను.

యునీకే చివరి ఏడాది ముప్పై ఎనిమిది కిలోలకు వచ్చింది. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. జబ్బే, ఇంకేమీ కాదు అన్నాడు. నేను చూసింది మాత్రం రోజుకు రెండుసార్లు డబ్బాలోకి వెళ్లిన చెయ్యి.

పదమూడో రోజు

అప్‌డేట్ వెనక్కి తీసుకోమని ఒడ్డుకు రాశాను. కారణం అడిగారు. 'ఆచారం' అని రాశాను.

ఇవాళ జవాబు వచ్చింది. ఆచారం కారణాల జాబితాలో లేదట. జాబితా జతచేశారు. జబ్బు, కాన్పు, ఎలుకలు, తేమ, దొంగతనం.

దొంగతనం అని రాయవచ్చు. ఎవరు ఎవరి దగ్గర దొంగిలించారో పేర్లు ఇవ్వాలట.

పద్నాలుగో రోజు

ఒక ఉపాయం తోచింది. చేపలు చీల్చే బల్ల దగ్గర ఆడవాళ్లంతా ఉంటే వెళ్లి చెప్పాను.

"బియ్యం మొత్తం పొయ్యి మీదకెక్కించండి. అది తూస్తుంది. అన్నం ఉడికాక ఒక గరిటె తీసి పక్కన పెట్టండి. పళ్లేన్ని ఎవరూ తూయరు."

దోర్కత్త కత్తి ఆపలేదు. "ఉడికాక తీస్తే దాన్నేమంటారు అల్లుడూ?"

"అన్నం అంటారు."

"మిగులు అంటారు. మనం ముందు పొట్ట చూసుకుని ఆనక ఇచ్చేది. దేవుడికి మిగులు పెడతావా?"

"తినేది దేవుడు కాదు కదత్తా. నాంచారు."

నాంచారు వలల కొట్టులో ఉన్న అమ్మాయి. ఏడో నెల. పెనిమిటి తుఫానులో పోయాడు.

"నాంచారుకి మాత్రం మిగులెందుకు పెట్టాలి? ముష్టికొచ్చిందా?"

ఎవరో నవ్వారు. "కాలేజీలో ఈ పాఠం లేదేమో అత్తా," అంది పక్కామె.

"అది కూడా కాదు," అంది దోర్కత్త, ఈసారి కత్తి పక్కన పెట్టి. "ఎదురుగా ఉడికిన అన్నం ఉండి, ఆకలేస్తంటే, దాంట్లోంచి తియ్యడానికి చెయ్యి రాదు. పచ్చి బియ్యం అయితే వత్తది. మన పెద్దోళ్లకి మన సంగతి తెలుసు. అందుకే పొయ్యికి ముందు అన్నారు."

నేను జల్లెడల దగ్గరకు వెళ్లిపోయాను. ఆమె చెప్పింది తప్పని నిరూపించే పద్ధతి దారి పొడుగునా వెతికాను.

పదహారో రోజు

ఇవాళ రెండోసారి తగ్గించింది. ఇద్దరున్న ఇళ్లలో రెండు వందల పది. నలుగురున్నచోట నాలుగు వందల తొంభై. దోర్కత్త గొట్టం డెబ్భై వేసింది.

మా ఇంట్లో రెండు వందల ఎనభై. డబ్బా ఉన్న ఇళ్లన్నిటిలో నిండుగా వేసేది మా గొట్టమే.

పద్దెనిమిదో రోజు

ఆరాధన తర్వాత సంఘ పెద్దలు కూర్చున్నారు. నన్నూ పిలిచారు. అయ్యగారు రెవరెండ్ నతానియేలు. మెత్తని మనిషి, అరవై ఏళ్లు. కార్యదర్శి విక్టర్. చిన్నవాడే గాని తెలివైనవాడు.

"కాలం మారింది అయ్యగారూ," అన్నాడు విక్టర్. "పట్టీ మీద ఒక్కసారి నొక్కితే చాలు, మన కానుక ఒడ్డు మీది మిషనుకే చేరుతుంది. వాళ్లు వెయ్యిమందికి పెడుతున్నారు. ఇరవై రెండు సంఘాలు ఇప్పటికే మారిపోయాయి. మనం ఇంకా డబ్బాలు మోసుకు తిరుగుతున్నాం."

"వలల కొట్టులో వాళ్లకో?" అన్నారు అయ్యగారు.

"పేర్లు ఎక్కిద్దాం. చట్టం ప్రకారం పోదాం. దాచిపెట్టడం అబద్ధం కాదా? మందిరంలో కూర్చుని అబద్ధం వండుకుంటున్నాం మనం."

విక్టర్ చెడ్డవాడు కాదు. అతని అన్న కూడా శిబిరానికే వెళ్లాడు. కబురు వస్తుందని ఇంకా నమ్ముతున్నాడు. నమ్మకపోతే అతనికి వేరే దారి లేదు.

"ఫిలేమోనూ, నువ్వేమంటావు?" అన్నారు అయ్యగారు.

నొక్కితే వెళ్లే కానుక సాధ్యమే అన్నాను. ఒక పూటలో అమర్చవచ్చు అన్నాను. ఆ అంకెల్లోంచి వలల కొట్టుకు ఒక్క గింజ కూడా రాదని నాకు తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఏమీ తేల్చకుండా ప్రార్థన చేసి లేచారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా అది నా చోటు. ఆమె నమ్మేది. నేను ఆమె పక్కన కూర్చునేవాణ్ని. జనం దాన్ని విశ్వాసం అనుకున్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

ఇరవై మూడో రోజు

మూడోసారి తగ్గింది. తెర మీద అన్ని ఇళ్ల అంకెలూ చూస్తూ కూర్చున్నాను. దోర్కత్త ఇంటికి ముప్పై ఐదు గ్రాములు.

ఇక తియ్యడానికి ఏమీ లేదు కాబట్టి ఆపేస్తుంది అనుకున్నాను. ఆమె ఆపితే అందరూ ఆపుతారు.

నిజమే రాయాలి. ఆపాలని కోరుకున్నాను. డబ్బాలో చెయ్యి పెట్టడం మానేసిన ఒక్క మనిషినైనా చూడాలని ఉంది. ఆ చెయ్యి యునీకేది కాకపోయినా.

వెళ్లి చూడలేదు. వాళ్ల ఇల్లు ఎనభై అడుగుల దూరం.

ఇరవై ఏడో రోజు

దోర్కత్త మందిరం మెట్ల మీద పడిపోయింది.

పడేముందు డబ్బా కింద పెట్టింది. ఒక్క గింజ ఒలకలేదు. ఇది నేను చూశాను.

నేనూ విక్టరూ మోసుకెళ్లాం. ఏమీ బరువు లేదు. వాళ్లింట్లో కుండ బోర్లించి ఉంది, పొడిగా. పొయ్యి తెర మీద ఒక ప్రశ్న వెలుగుతోంది. 'నాలుగు రోజులుగా వంట లేదు. ఈ ఇల్లు ఖాళీయా?'

గొట్టం పిడికెడు వేసింది. ఆమె పిడికెడు తీసింది.

విక్టర్ ఆ ప్రశ్న రెండుసార్లు చదివాడు. తర్వాత గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

'జబ్బు' అనే కారణం మీద ఆమెకు ఇరవై ఒక్క రోజులు పూర్తి వాటా వచ్చేట్టు చేశాను. అది జాబితాలో ఉంది. నాలుగు రోజుల ముందు కూడా ఉంది.

ఇరవై ఎనిమిదో రోజు

గంజి కాచి పట్టుకెళ్లాను. యునీకే వాటా బియ్యంతో.

దోర్కత్త దిండుకు ఆనుకుని కూర్చుంది. గంజి వైపు చూసింది. "పిడికెడు తీశావా?"

"లేదు."

"నీ ఇంటి నుంచి డబ్బా రావట్లేదు. ఆడవాళ్లంతా చూస్తన్నారు. నేనే నోరు మూయించా. దుఃఖంలో ఉన్నాడు లెమ్మన్నా."

గిన్నె కింద పెట్టాను. ఇరవై ఎనిమిది రోజులుగా ఎవరితోనూ అనని మాట అన్నాను. గొంతు పెద్దదైంది.

"మీ పిడికెడే దాన్ని తినేసిందత్తా. జబ్బుతో ఉన్న మనిషి. రోజుకు డెబ్భై గ్రాములు. ఏడాది పొడుగునా. మీరంతా చూస్తూనే ఉన్నారు. ఆ దేవుడూ చూస్తూనే ఉన్నాడు."

ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. కోప్పడుతుంది అనుకున్నాను.

"నీకు తెలియదా?" అంది.

"ఏమిటి?"

"అది తన వాటాలోంచి ఎప్పుడు తీసింది అల్లుడూ? నీ దాంట్లోంచి తీసేది."

నాకు అర్థం కాలేదు.

"జబ్బు తెలిసిన కాడ్నించీ అంతే. 'పిన్నీ, నేను సగం తిని లేస్తే ఆయన ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూస్తాడు, నేను తినాల్సిందే, పిడికెడు మానలేను, అందుకని ఆయనకే ఒక గరిటె తక్కువేస్తన్నా' అని నా దగ్గర చెప్పి నవ్వేది. 'పాపమా పిన్నీ?' అనేది. 'మొగుడి దగ్గర కొట్టేత్తే పాపం కాదులే' అన్నా. మేమిద్దరం ఎంత నవ్వుకున్నామో."

నేను కింది గిన్నె చేతిలోకి తీసుకున్నాను.

"అన్నం పళ్లెమంతా పరిచి పెట్టేది కదా? తక్కువని తెలియకుండా."

పరిచి పెట్టేది. అంచుల దాకా, గరిటె వెనక భాగంతో అద్ది. ఆ చివరి ఏడాదే. ఓపిక లేక సర్దలేకపోతోంది అనుకున్నాను.

ఆ ఏడాది నేను నాలుగు కిలోలు తగ్గాను. దిగులు అనుకున్నాను.

"ఏందల్లుడూ, నవ్వుతున్నావా, ఏడుస్తన్నావా? గంజి చల్లారిపోతంది, ఇటియ్యి."

ముప్పయ్యో రోజు

నాలుగోసారి తగ్గింది.

ఒంటరివాళ్లు, ముసలివాళ్లు పిడికెడు తియ్యనక్కర్లేదని అయ్యగారు మందిరంలో చెప్పారు. దోర్కత్త లేచి నిలబడలేదు గాని కూర్చున్నచోటి నుంచే అంది, "నన్ను దేవుడి దగ్గర్నించి సెలవిచ్చి పంపిస్తన్నారా అయ్యగారూ?" ఎవరూ నవ్వలేదు.

ఇరవై రెండు డబ్బాల్లో పదమూడే వచ్చాయి. ఒకటి కొత్తది, విక్టర్‌ది. అతను పెళ్లి కానివాడు, తల్లి లేదు. డబ్బా ఎక్కడిదో, తియ్యడం ఎవరు నేర్పారో తెలియదు. నా వైపు చూడకుండా పెట్టి వెళ్లాడు.

నా డబ్బా ఖాళీగానే ఉంది. తియ్యనని ఇప్పుడు అనుకోవడం లేదు. కానీ రెండు రోజులుగా గొట్టం ముందు నిలబడి, చెయ్యి ముందుకు పోక, వచ్చేస్తున్నాను. ఎవరి మీద కోపంతో మానేశానో ఆ కోపం పోయింది. దాని చోట ఏం పెట్టాలో తెలియడం లేదు.

నేను ఒక ఏడాది కానుక ఇచ్చాను. నాకు తెలియదు. తెలియకుండా ఇచ్చినది ఇచ్చినట్టేనా? విక్టర్ చెప్పిన నొక్కుడు కానుకకూ దీనికీ తేడా ఏమిటి? ఒకటే తేడా కనిపిస్తోంది. ఇక్కడ ఒక చెయ్యి ఉంది. నాది కాదు.

ముప్పై మూడో రోజు

నాంచారు కాళ్లు వాచాయి. నర్సు చూసి, మందు అక్కర్లేదు, అన్నం కావాలి అంది. కాన్పు ఇంకా ఆరు వారాలు. పదమూడు డబ్బాలు తొమ్మిదిమందికి ఒక పూటకే వస్తున్నాయి. ఆ పిల్ల తన వాటాలో సగం తల్లికి పెడుతోందట.

సాయంత్రం అయ్యగారి దగ్గరకు వెళ్లాను.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలు, రా. నేనే కబురు చేద్దామనుకుంటున్నాను. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూటం కదా. వాక్యం సిద్ధం చేసుకున్నాను. పలక మీద పేరు చెక్కడానికి విక్టర్ ఒప్పుకున్నాడు. ఫొటో ఏది పెడదాం?"

మందిరంలో కుడివైపు గోడకు పెద్ద పలక ఉంది. పోయినవాళ్ల పేర్లు. నీళ్లలో దించుతాం కాబట్టి సమాధులు ఉండవు. వెళ్లి చెయ్యి పెట్టడానికి ఆ పలకే ఉంది. తేదీ కింద యునీకే పేరుకు చోటు వదిలారు.

"కూటం వద్దు అయ్యగారూ," అన్నాను. "పేరూ వద్దు."

ఆయన కళ్లజోడు తీశారు.

"కూటం ఒడ్డుకు వినిపిస్తుంది. పలక చూడటానికి తనిఖీవాళ్లు వస్తారు. పేరు చెక్కితే ఆమె పోయినట్టే. పోకపోతే ఆమె పట్టీ పనిచేస్తుంది. పట్టీ ఉంటే గొట్టం వేస్తుంది. నాంచారుకు."

మేము కూర్చున్న తెప్ప కింద నీళ్లు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"అబద్ధం ఆడి అన్నం పెట్టొచ్చా అని అడుగుతున్నావా?"

"అవును."

"ముప్పై నాలుగేళ్లుగా ప్రసంగాలు చెబుతున్నాను. పెట్టొచ్చు అనడానికి ఒక ప్రసంగం ఉంది నా దగ్గర. పెట్టకూడదు అనడానికీ ఒకటి ఉంది. రెండూ బాగుంటాయి." కళ్లజోడు తుడిచారు. "నాకు తెలియదు ఫిలేమోనూ. ఈ మాట ఇంకెవరి దగ్గరా అనలేదు. యునీకే దగ్గర మాత్రం ఒకసారి అన్నాను. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టాలని ప్రార్థన చేసేది."

లేచి బీరువాలోంచి మరణాల రిజిస్టరు తెచ్చారు. నమోదు కావాలంటే అందులో ఆయన సంతకం, పంపకంలో నాది, రెండూ ఉండాలి. చివరి పేజీ తెరిచి నా వైపు తిప్పారు. ఆమె పేరు లేదు.

"నువ్వు అడుగుతావని చూస్తున్నాను. నువ్వు అడగలేదు. నేను రాయలేదు. ఎందుకు రాయలేదని అడగకు."

"పలక మీద పేరు ఎప్పటికీ రాదు అయ్యగారూ. ఇప్పుడు రాకపోతే."

"తెలుసు. ఆ పేరు లేకుండా నువ్వు ఉండగలవా?"

ఉండగలను అనలేదు. లేచి వచ్చేశాను. వచ్చేదారిలో మందిరంలోకి వెళ్లి ఆ ఖాళీ చోటు మీద చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది.

ముప్పై ఐదో రోజు

పట్టీ తీసుకుని వలల కొట్టుకు వెళ్లాను. నాంచారు తల్లి అడ్డం నిలబడింది.

"వద్దు బాబూ. మీ మంచితనానికి దణ్ణం. పోయినావిడ వస్తువు నిండు చూలాలికి పెట్టకూడదు. మా వాళ్లలో లేదు."

"మా వాళ్లలో మాత్రం ఉందా?" అన్నాను. "పోయినావిడ అని ఎక్కడా రాసి లేదమ్మా. చూసే వచ్చాను."

నాంచారు లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. పాదాలు రొట్టెల్లా ఉన్నాయి.

"ఆవిడ నాకు తెలుసండి," అంది. "మేం వచ్చిన రోజు పడవలోంచి నన్ను చెయ్యిచ్చి దింపింది. 'నా చేతిలో బలం లేదు, నువ్వే నన్ను పట్టుకుని దిగు' అని నవ్వింది." చెయ్యి చాపింది. "పెట్టండి. ఆవిడది నాకేం చెడు చేత్తది?"

యునీకే మణికట్టుకు వదులైపోయిందని చివరి రంధ్రం దాకా బిగించిన పట్టీ. మూడు రంధ్రాలు వదులు చేశాను. పట్టీ ఆమె నాడినీ బరువునూ చదివి పచ్చదీపం వెలిగించింది.

పట్టీ ఉన్న మనిషి ఆ పట్టీ నమోదైన ఇంట్లోనే తినాలి. రోజుకు రెండు పూటలు మా ఇంటికి వచ్చేట్టు మాట్లాడుకున్నాం. తెప్పల మీద ఎవరేమనుకుంటారో అని ఆమె తల్లి అడిగింది. నేను కూర్చుంటానని దోర్కత్త అంది. "ముసలిదాన్ని, పొద్దుపోక చస్తన్నా. నాకూ ఇద్దరు తినేవాళ్లను చూసినట్టుంటది."

ముప్పై తొమ్మిదో రోజు

ఒడ్డు నుంచి జవాబు లేదు. అప్‌డేట్ గురించి మూడోసారి రాశాను. ఈసారి కారణం దగ్గర 'తేమ' అని పెట్టాను. విక్టర్ చూసి, "అదీ అబద్ధమేగా అన్నా," అన్నాడు. సముద్రం వైపు చూపించాను. మొదటిసారి అతను నవ్వడం చూశాను.

పట్టీకి ఒక మణికట్టుకు ఒక గుండెను లెక్కపెట్టడమే నేర్పారు. రెండో గుండె సంగతి దానికి తెలిసే వీలు లేదు. పన్నెండో పేజీలాగా ఇంకో పేజీ రానంత వరకు.

గడువు రేపటితో ముగుస్తుంది. నమోదు తెర తెరిచాను. 'యునీకే, స్థితి?' అని అడిగింది. చాలాసేపు చూశాను. 'ఇంట్లో ఉంది' అన్నచోట నొక్కాను.

నలభయ్యో రోజు

కూటం జరగాల్సిన వేళకు నాంచారు వచ్చింది. దోర్కత్త ముందే వచ్చి గుమ్మంలో పీట వేసుకుంది.

గొట్టం కింద గిన్నె పెట్టాను.

"ఫిలేమోను గారు, నూట నలభై గ్రాములు. యునీకే గారు, పెరిగిన వాటా నూట అరవై గ్రాములు." ఒక క్షణం ఆగింది. "యునీకే గారి బరువు పెరుగుతోంది. ఆరోగ్యం మెరుగుపడుతోంది."

చివరి ఏడాదంతా రోజుకు రెండుసార్లు ఈ గొట్టం ముందు నిలబడి ఎదురుచూసిన మాట అది. దోర్కత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నాంచారు నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. పొయ్యి మీద పెట్టబోయి ఆగింది. గిన్నెలో చెయ్యి పెట్టి పిడికెడు తీసింది.

"తీస్తే వచ్చే వారం తగ్గిస్తుందమ్మా," అన్నాను.

"తెలుసండి. దోర్కమ్మగారు చెప్పారు." పిడికిలి తెరవలేదు. "వలల కొట్టులో ఎనిమిదిమంది ఉన్నారు గదండీ. నేనిక్కడ మొత్తం తిని పోయి వాళ్ల పక్కన ఎట్టా పడుకోనండీ?"

మనసులో లెక్క వేశాను. వారానికో పిడికెడు చొప్పున మా గొట్టం ఎండిపోవడానికి ఎనిమిది వారాలు పడుతుంది. కాన్పు ఐదు వారాల్లో. ఆ మధ్యలో ఒడ్డు నుంచి జవాబు రావచ్చు. రాకపోవచ్చు.

అలమర పైనుంచి డబ్బా దించాను. నలభై రోజుల దుమ్ము తుడిచాను. ఆమె పిడికిలి విప్పింది. ఖాళీ డబ్బాలో బియ్యం పడ్డ చప్పుడు పెద్దగా వినిపించింది. దోర్కత్త ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

అన్నం ఉడికింది. నాంచారు ముందొకటి, నా ముందొకటి పళ్లేలు పెట్టాను. భోజనం ముందు ప్రార్థన యునీకే చేసేది. నాంచారుకు తెలియదు, నా వైపు చూస్తూ కూర్చుంది. దోర్కత్త కళ్లు మూసుకుంది, కానీ మొదలుపెట్టలేదు. ఈ ఇంట్లో అది ఆమె పని కాదని అనుకుందేమో.

ఏమైనా అందామని నోరు తెరిచాను. మాటలు రాలేదు. ఎవరితో అంటున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఆమెన్," అన్నాను.

నాంచారు పళ్లెంలో పెద్ద గరిటెతో మూడుసార్లు వడ్డించాను. నా పళ్లెంలో ఒక గరిటె తక్కువ వేసుకున్నాను. ఆమె చూసేలోపు, గరిటె వెనక భాగంతో అద్ది, అంచుల దాకా పరిచాను.